బోణీ కాకుండా చెరపరట

మా చెల్లెలి కూతురికి పెళ్లయి, కాపురానికి వెళ్లి, అత్తవారింట్లో ఒక ఏడాది ఆవకాయ కూడా కలిపేశాక, అనకాపల్లిలో ఒక కంప్యూటరు ఆ పిల్లకి ఇంకా పెళ్లి కాలేదని చెప్పింది. కంప్యూటరు చెప్పింది కాబట్టి అది నిజమే అయివుంటుందని మనుషులు నమ్మారు. మొదటి సంగతి మీద నాకు కోపం ఎప్పుడో చల్లారింది. రెండోదాని మీద మాత్రం, ఇది రాస్తూంటే కూడా, కలం గట్టిగా పట్టుకోవలసి వస్తోంది.

మా చెల్లెలిది కె. కోటపాడు దగ్గర పల్లె. మరిదికి పొలం పనులతోనే సరిపోతుంది. నేను అనకాపల్లిలో ప్రైవేటు హైస్కూల్లో సోషలు చెప్పేదాన్ని. పైగా నోరున్నదాన్ని. అందుకని పిల్లకి సంబంధాలు చూసే పని నా నెత్తిన పడింది. అప్పట్లో మా ఊళ్లో ప్రతిదానికీ కంప్యూటరు వచ్చి కూచుంటోంది. ఫొటో స్టూడియోలో కంప్యూటరు, జాతకం రాసేవాడి దగ్గర కంప్యూటరు, చివరికి కళ్లజోళ్ల కొట్లో కూడా. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైన ఒకాయన పెళ్లిళ్ల బ్యూరో పెట్టి, అందులోనూ ఒకటి పెట్టించాడు. ఆయన వాళ్లు తరతరాలుగా బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసినవాళ్లు. ఈయనకి ఆ వేలంపాటలు, ఆ ఈగలు నచ్చక సంబంధాల్లోకి దిగాడు. దిగాడే గాని అలవాట్లన్నీ మార్కెట్టువే. పెళ్లికొడుకుని చూపించేటప్పుడు కూడా బెల్లం దిమ్మ విరిచి రంగు చూపించినట్టే, “సూడండి మేడమ్, సరుకు సూడండి” అన్నట్టుండేది ఆయన ధోరణి.

పిల్ల బీఎస్సీ. హస్తా నక్షత్రం. ఫొటో, వివరాలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క వేలితో టైపు చేసి ఎక్కించాడు. ఎవరైనా వచ్చి కులం, నక్షత్రం, చదువు చెబితే, వాటికి సరిపడేవాళ్లు వరసగా తెర మీదికి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస: పేరు, వయసు, నక్షత్రం, చదువు, ఊరు, అవివాహిత. ఆ వరస మీద నొక్కితే ఫొటోతో సహా పూర్తి వివరాలున్న పేజీ తెరుచుకుంటుంది. ఆ లెక్కన ఎలమంచిలి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఎరువుల కొట్టున్నవాళ్లు, అబ్బాయి నెమ్మదస్తుడు. కుదిరింది, పెళ్లయింది.

పెళ్లయిన వారంలోనే బ్యూరోకి వెళ్లి పిల్ల వివరాలు తీయించేశాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను బస్సు టికెట్టు మీద ఊరి పేరు కూడా చదివి చూసుకునే మనిషిని. ఎదురుగా కూచుని తీయించాను. మళ్లీ తెరిచి చూపించమన్నాను. చూపించాడు. ఫొటో లేదు, వివరాలు లేవు, తెల్లటి పేజీ. ఆయనకి లడ్డూల పొట్లం ఇచ్చి, మెట్లు దిగి, ఆ బ్యూరోని మరిచిపోయాను.

ఆ మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం పిల్ల బ్యాగుతో మా గుమ్మంలో నిలబడింది. ఎలమంచిలిలో మొగుడు బస్సెక్కించి, కిటికీలోంచి నీళ్ల సీసా అందించి వెళ్లిపోయాడట. తల్లి దగ్గరికి వెళ్లకుండా నా దగ్గరికెందుకు వచ్చావని అడగలేదు. తల్లి దగ్గరికి వెళితే పల్లెంతా తెలుస్తుంది.

జరిగిందేమిటంటే, వాళ్లాయన మేనత్త ఒకావిడ ఉంది. తన కూతుర్ని ఈ మేనల్లుడికి ఇవ్వాలని ఆవిడ కలలు కన్నది, అతను ఒప్పుకోలేదు. ఆ మంట ఆరకుండానే ఉంది. ఆవిడకొక కొడుకు కూడా ఉన్నాడు. వాడికి సంబంధం చూద్దామని మా ఊరొచ్చి, ఆ బ్యూరోకే వెళ్లింది. ఆయన తెర తిప్పి చూపించాడు. వరసల్లో ఒక వరస మా పిల్లది. బీఎస్సీ, హస్త, కె. కోటపాడు, అవివాహిత.

ఆవిడ ఆ వరస మీద నొక్కమంది. తెల్లటి పేజీ వచ్చింది. ఇక్కడుంది అసలు దరిద్రం. ఆ తెల్ల పేజీ ఎందుకొచ్చిందో ఆయన ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఇంత జరిగేది కాదు. కాని కొట్లో కూచున్నవాడి నోట్లోంచి లేదు అన్న మాట రాదు కదా. “కొందరు ఫొటో అదీ బయట పెట్టరమ్మా. మీకు నచ్చితే సెప్పండి, మాట్లాడి సూద్దాం” అన్నాడట. తెర వైపు ఇంకోసారి చూడకుండానే, అలవాటుగా.

ఇక ఆవిడకి ఏం కావాలి. మీ కోడలు ఫొటో దాచి, మొగుణ్ణి దాచి, రెండో సంబంధానికి పేరిచ్చిందని ఎలమంచిలి వెళ్లి చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లో చూసింది అబద్ధం కాదు. అందుకే అది అంత బాగా అంటుకుంది.

“నాకేటి తెలుసు పెద్దమ్మా. నన్ను అడిగేరు, నాను కాదన్నాను. మళ్లీ అడిగేరు. మళ్లీ కాదన్నాను” అంది పిల్ల, కాళ్లు కడుక్కుని వచ్చి. అత్తగారు చివరికి, నిజం తేలేదాకా మీ పెద్దమ్మ కాడే ఉండు, బ్యూరోలో పేరిచ్చింది ఆవిడే కాబట్టి అని పంపించేసిందట. మొగుడేమన్నాడని అడిగాను. నీళ్ల సీసా ఇచ్చేడు అంది.

అన్నం కూడా తినకుండా బ్యూరోకి నడిచాను. ఆయన భోజనం చేసి, కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఆయన నన్ను చూసి సంతోషించాడు, ఇంకో సంబంధం కోసం వచ్చాననుకుని. నేను విషయం చెప్పాను. నెమ్మదిగానే చెప్పానని నా నమ్మకం. కింద బట్టల కొట్టువాళ్లు పైకి తొంగి చూశారని తర్వాత తెలిసింది.

“అలాగెలా అవుద్ది మేడమ్. మీ ఎదురుగానే డిలీట్ సేసేసేం కదా” అని ఆయన వెతికాడు. పిల్ల వరస వచ్చింది. నొక్కాడు. తెల్ల పేజీ. ఆయన ముఖం వెలిగింది. “సూడండి. మనిషి లేదు. ఉత్త పేరే ఉంది.”

“పెళ్లిళ్ల కొట్లో పేరుంటే మనిషి ఉన్నట్టే బాబూ” అన్నాను.

తీసెయ్యమన్నాను. తీయడానికి ఏముంది అన్నాడు. నిజమే, తీసే బొత్తాం ఆ వివరాల పేజీలో ఉంటుంది. ఆ పేజీలో వివరాలే లేవు. లేనిదాన్ని తీయనంటోంది యంత్రం. ఉన్నట్టు చూపించడానికి మాత్రం దానికి అభ్యంతరం లేదు. ఒక మనిషి ఇలా మాట్లాడితే వాణ్ణి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తాం. కంప్యూటరు మాట్లాడితే ప్రింటు తీసుకుంటాం.

అప్పుడాయనకి ఒక ఉపాయం తట్టింది. పిల్లని మళ్లీ కొత్తగా ఎక్కించి, మళ్లీ తీసేద్దామన్నాడు. అప్పుడు అది మొత్తం పట్టుకుపోతుందట. నాకు ఇంకేం తోచక సరే అన్నాను. ఒక్కొక్క వేలితో టైపు చేశాడు. ఎక్కించాడు. తీసేశాడు. గర్వంగా వెతికాడు.

మా పిల్ల రెండుసార్లు వచ్చింది. ఒకదాని కింద ఒకటి. ఇద్దరూ హస్తే, ఇద్దరూ అవివాహితలే.

ఆ క్షణంలో నేనేమన్నానో రాయను. ఈ పుస్తకం పిల్లలు కూడా చదవొచ్చు.

ఈ ప్రోగ్రాం రాసినతను విశాఖపట్నంలో ఉంటాడంటే ఫోన్ చేయించాను. బ్యూరో ఆయన ఏవో నసిగితే, రిసీవరు నేనే తీసుకున్నాను. కుర్రగొంతు. ఆంటీ అన్నాడు. ఆంటీ సంగతి తర్వాత, ముందు మా పిల్ల సంగతి చెప్పమన్నాను. డేటా పోయిందండీ, అది ఇండెక్స్ ప్రాబ్లం అన్నాడు, మనకి జ్వరం లేదండీ ఒళ్లే కాలుతోంది అన్నట్టు. ఇండెక్స్ అంటే ఏమిటని అడిగితే ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. మళ్లీ చెప్పమన్నాను. మూడోసారికి తెలుగులోకి వచ్చాడు.

నాకు అర్థమైంది ఇదీ. అందరి వివరాలూ ఒకచోట ఉంటాయి. ప్రతిసారీ అన్నీ తెరిచి వెతకాలంటే ఆలస్యమని, పేర్లూ నక్షత్రాలూ ఊళ్లూ పొట్టిగా ఇంకోచోట పెట్టుకుంటుంది. వెతికేది ఈ రెండోచోటే. మా బళ్లో టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లవాడి పేరు హాజరుపట్టీలో ఉండిపోయినట్టు. రోజూ పిలుస్తాం, ఎవరూ పలకరు, ఆబ్సెంటు వేస్తాం. పిల్లవాడు ఊళ్లోనే లేడు. కాని పట్టీ చూసినవాడికి మాత్రం వాడు బడి ఎగ్గొట్టే వెధవ. మా పిల్ల గతీ అదే.

మరి మళ్లీ ఎక్కించగానే రెండో పేరు టక్కున ఎలా వచ్చిందంటే, చేర్చినవి వెంటనే చేరిపోతాయట. తీసేసినవి మాత్రం ఆ రెండోచోటునంతా చెరిపి మళ్లీ కట్టినప్పుడే పోతాయట. చేర్చడానికున్న తొందర తీయడానికి ఎందుకు లేదయ్యా అంటే, అలా డిజైన్ చేశామన్నాడు. ఏ పెళ్లిపందిట్లోనూ నిలబడని వయసువాడు డిజైన్ చేశాడు.

“అయినా రోజూ ప్రోగ్రాం తెరవగానే అడుగుతుందండీ, పాతది చెరిపి కొత్తది కట్టమంటావా అని. యస్ కొట్టాలి. మీవాళ్లు కొట్టట్లేదేమో చూడండి” అని పెట్టేశాడు.

బ్యూరో ఆయన్ని అడిగాను. అలాంటిదేమీ అడగదన్నాడు. అన్నీ సరిగ్గానే సేత్తన్నాను మేడమ్, వాళ్ల తప్పు మా మీద రుద్దుతున్నారు అన్నాడు. ఇద్దరు మగాళ్లు ఒకరినొకరు చూపించుకుంటే నడుమ ఆడపిల్ల కాపురం నిలబడి ఉండాలి. నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు బడికి సగంరోజు సెలవు పెట్టి, ఆయన షట్టరు ఎత్తే వేళకే వెళ్లి మెట్ల మీద కూచున్నాను.

ఆయన వచ్చాడు. నన్ను చూసి, పొద్దున్నే ఎదురైన ముఖం నాది కావడం వల్ల, కొంచెం డీలా పడ్డాడు. గది ఊడ్పించాడు. గుమ్మానికి కట్టిన నిమ్మకాయ మార్చాడు. దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి, ఆ పొగ కంప్యూటరు చుట్టూ తిప్పాడు. దాని నుదుటికీ బొట్టుంది. అప్పుడు స్విచ్ వేశాడు. తెర వెలిగింది, ప్రోగ్రాం తెరుచుకుంది, మధ్యలో ఒక చిన్న డబ్బా వచ్చింది. నేను మొదటి పదం చదివేలోగా ఆయన వేలు కదిలి డబ్బా మాయమైంది. ఈగని తోలినట్టు.

“ఏమిటది” అన్నాను.

“ఏదో రోజూ వత్తాది మేడమ్. పాతది తీసెయ్యాలా అంటాది. నో కొట్టేత్తాను.”

“ఎందుకు?”

ఆయన నన్ను, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. “పొద్దున్నే, బోణీ అవకుండా తీసెయ్యడమేటి మేడమ్. మార్కెట్టులో మా నాన్న బోణీ అవకుండా పలక మీద పాత లెక్క కూడా తుడిచేవాడు కాదు. పెళ్లిళ్ల కొట్టు ఇది. మొదటి పని చెరపడం పెట్టుకుంటే ఇంకేటైనా ఉందా?”

“ఎప్పట్నించి ఇలా?”

“పెట్టిన కాడ్నించీ.”

ఒక్కసారి తెరిస్తే రాత్రి దాకా మళ్లీ మూయడు, తెరవడానికి చాలాసేపు పడుతుందని. కాబట్టి అది రోజుకి ఒక్కసారే అడుగుతుంది, అదీ సరిగ్గా బోణీ కాని వేళ. ఈయన రోజూ భక్తిగా వద్దంటాడు. ఇలా ఆ బ్యూరోలో పెళ్లిళ్లయినవాళ్లంతా పెళ్లికాని వాళ్లుగా మిగిలిపోయారు. నేను కుర్చీ లాక్కుని, ఆయన వారిస్తున్నా వినకుండా కాసేపు వెతికించాను. నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు చంకలో పిల్లాడితో కూరల బజార్లో కనిపించే అమ్మాయి ఉంది. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, ఇంజనీరింగు డిప్లొమా, రేవతీ నక్షత్రం. అతను అంతకు ముందటి వేసవిలో హైవే మీద మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. కబురు తెలిసి వివరాలు తీసేశానని బ్యూరో ఆయన అన్నాడు. తీసేశాడు కూడా, తెల్ల పేజీయే వచ్చింది. పైన వరసలో మాత్రం ఆ అబ్బాయి ఇంకా అవివాహితుడు, వధువు కావలెను. ఆ తల్లికి ఎవరైనా ఫోన్ చేసి ఉంటారా అని అడిగాను. ఆయన లేచి అగరొత్తి బూడిద దులిపాడు.

తర్వాత ఆయనే, సరే మేడమ్, ఎవరైనా వచ్చి బోణీ అవనివ్వండి, మూసి తెరిచి యస్ కొట్టేత్తాను అన్నాడు. వద్దన్నాను. ఆయన తెల్లబోయాడు. అప్పుడే తీసేస్తే ఎలమంచిలి వాళ్లేమంటారు? పెద్దమ్మ వెళ్లి నోరేసుకుని పేరు కొట్టించేసింది, దొంగతనం దొరికింది కదా అందుకు అంటారు. ఉన్నది ఉన్నట్టు వాళ్ల కళ్లముందే పోవాలి. ఎల్లుండి దాకా ఆ డబ్బాకి నో అనే చెప్పమన్నాను. అది ఆయనకి బాగా వచ్చిన పనే కదా.

సాయంత్రం బస్సెక్కి ఎలమంచిలి వెళ్లాను. పిల్ల అత్తగారు మర్యాదస్తురాలు, ఆ మాట చెప్పాలి. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నా ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడింది. నేను హాజరుపట్టీ కథ చెప్పాను. బోణీ కథ చెప్పాను. బోణీ కథకి తల ఊపింది, ఆ మాత్రం ఆయన చేసింది తప్పులేదన్నట్టు. చివరికి అంది, “కంప్యూటరు అబద్ధం ఆడతాదా వదినా?”

“ఆడదు వదినా. ఎప్పుడో ఒకసారి చెప్పిన నిజాన్ని పట్టుకుని వేలాడుతుంది” అన్నాను.

ఆ మాట ఎక్కిందో లేదో గాని, వస్తానంది. ఆడపడుచుని, అదే ఆ మేనత్తని కూడా తీసుకురమ్మన్నాను. చూసిన కళ్లు అవే కాబట్టి.

పిల్లని కూడా రమ్మంటే రానంది. ఎంత చెప్పినా కదల్లేదు. “నాను ఉన్నానో లేదో సూడ్డానికి నన్నే తీసుకెల్తావేటి పెద్దమ్మా” అంది. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను.

అనుకున్న రోజు పొద్దున్నే వదినగారూ ఆవిడ ఆడపడుచూ బస్సు దిగి వచ్చారు. మేనత్తగారు పట్టుచీర కట్టుకొచ్చింది, కోర్టుకొచ్చినట్టు. బ్యూరో ఆయన షట్టరెత్తి, ఊడ్పించి, పొగ తిప్పి, స్విచ్ దగ్గర ఆగాడు. ముందు ఉన్నది చూపించడానికి ప్రోగ్రాం తెరవాలి. తెరిచాడు, నో కొట్టాడు, వెతికాడు. మా పిల్ల వచ్చింది. రెండుసార్లు. మేనత్తగారు నా వైపు చూసింది. మొన్న ఒకసారే ఉన్న పేరు నేడు రెండైందంటే, ఎవరి వాదం బలపడిందో ఆవిడ చూపులోనే ఉంది. రెండోది ఎలా వచ్చిందో ఆయన చేతే చెప్పించాను.

ఇప్పుడు మూసి, మళ్లీ తెరిచి, యస్ కొట్టమన్నాను. ఆయన చేతులు కట్టుకున్నాడు. బోణీ కాలేదు. ఎవరైనా రానీ అన్నాడు. పదింటికో పదకొండింటికో వస్తారు. నేను రెండో పీరియడుకి బడికి వెళ్లాలి. గదిలో ఉన్నవాళ్లని చూశాను. ఆయన కాక ఉన్నది ముగ్గురం. నాకు సంబంధం అక్కర్లేదు. వదినగారికి అక్కర్లేదు.

“అమ్మా, మీ అబ్బాయికి పిల్ల కావాలి కదా. చూసి వెళ్లారు గాని చేర్చలేదట. ఇప్పుడు చేర్చండి. శుభకార్యంతో బోణీ” అన్నాను మేనత్తగారితో.

ఆవిడకి తప్పించుకోవడానికి దారి లేదు. ఇంత దూరం వచ్చి నిజం తేలకుండా వెళ్తానంటే, నిజం అక్కర్లేదని ఒప్పుకున్నట్టు. నా వంక ఉరిమి చూస్తూనే సంచిలోంచి రుసుము తీసి ఇచ్చింది. ఆయన కళ్లకద్దుకుని సొరుగులో వేశాడు. వాళ్ల అబ్బాయి వివరాలు కాగితం మీద రాసుకున్నాడు. కంప్యూటరు మూశాడు. తెరిచాడు. డబ్బా వచ్చింది. ఈసారి వేలు వెంటనే కదల్లేదు. దేవుడి పటం వైపోసారి చూసి, పెదాలతో ఏదో అనుకుని, యస్ కొట్టాడు.

యంత్రం చాలాసేపు గురగురలాడింది. కింది నుంచి టీ తెప్పించాడు. తాగేశాం. గ్లాసులు పట్టుకెళ్లాడు టీ కొట్టతను. అప్పుడు తెర నిలబడింది.

వెతికాడు. మా పిల్ల లేదు. మొదటిదీ లేదు, రెండోదీ లేదు. మేనత్తగారు ముందుకి వంగి, ఊరు పెట్టి వెతకమంది. లేదు. చదువు పెట్టి వెతకమంది. లేదు. నేనే ఆ రేవతీ కుర్రాడి పేరు పెట్టి వెతకమన్నాను. అతనూ వెళ్లిపోయాడు. ఆ క్షణంలో ఆ గదిలో గెలిచినట్టుగా మాత్రం నాకు అనిపించలేదు.

కాని మేనత్తగారి పని అక్కడితో అయిపోలేదు. రుసుము కట్టింది కాబట్టి, వాళ్ల కులంలో వాళ్లబ్బాయికి తగిన పిల్లలందరినీ చూపించమంది. మొన్న తెర నిండా కనిపించినవాళ్లు ఇవాళ వేళ్ల మీద లెక్కకొచ్చారు. “ఏటి, ఇంతేనా?” అంది. మిగిలినవాళ్లకి పెళ్లిళ్లయిపోయాయమ్మా అన్నాడాయన, మొదటిసారి నిజం చెబుతూ. డబ్బు తిరిగిచ్చెయ్యమంది. బోణీ సొమ్ము తిరిగివ్వరు కదమ్మా అన్నాడు. ఆ పాపపు సంతోషం నాకు మెట్లు దిగేదాకా సరిపోయింది.

మెట్ల మీద వదినగారు నా మోచెయ్యి పట్టుకుంది. “సరేలే వదినా, మెషీను తప్పే. మా కోడలు గుంటని సాయంత్రం బస్సుకి ఎక్కించెయ్.”

నేను బస్సుకి సరుకు ఎక్కించేదాన్ని కాదన్నాను. ఎక్కించినవాళ్లే వచ్చి దింపుకోవాలన్నాను. ఆ పూటకి బడికి రానని కబురు పంపాను, ఆవిడ నాతోపాటు మా ఇంటికొచ్చింది. పిల్ల గుమ్మంలోనే ఉంది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, కుర్చీ తుడిచింది. అత్తగారు జరిగింది చెప్పి, మెషీనులో లేదమ్మా, కళ్లారా సూసేను అంది, శుభవార్త చెప్పినట్టు.

“మెషీను ఉందంటే నమ్మేరు. మెషీను లేదంటే నమ్మేరు. నడుమ నాను కాదని సెప్పేను కదా అత్తా, అది ఏటయింది?” అంది పిల్ల.

గొంతు పెంచలేదు. నేనైతే పెంచేదాన్ని. అత్తగారు చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పింది. తాగలేదు. ఆవిడ తప్పు ఒప్పుకుంటుందని నేను ఎదురు చూశాను. ఒప్పుకోలేదు. ఇంట్లో అందరికీ నానే సెప్తాను, నీ మొగుడికి కూడా అంది.

“ఆయనకి నాను సెప్తాను. రమ్మనండి.”

అతను మర్నాడు స్కూటరు మీద వచ్చాడు. పిల్ల వరండాలో కూచోబెట్టింది. నేను లోపలికి వచ్చేశాను. నా జీవితంలో చెవులు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి, పూర్తిగా మూసుకున్నానని చెప్పను. ఎక్కువ మాట్లాడింది పిల్లే. అతని కాఫీ మీద మీగడ కట్టింది. మధ్యాహ్నానికి బ్యాగు అతనే మోసుకుని స్కూటరుకి కట్టాడు. వెళ్తూ వెళ్తూ పిల్ల వెనక్కి తిరిగి, నీళ్ల సీసా నీ కాడే ఉంచు పెద్దమ్మా, నాకింక వద్దు అంది.

వాళ్ల కాపురం బాగానే ఉంది. బ్యూరో ఆయన బోణీ అయ్యాకే కంప్యూటరు తెరుస్తున్నాడని విన్నాను. ఇంత సులువైన పని.

ఆ తర్వాత చలికాలంలో పిల్లకి అయిదో నెల అని తెలిసి, పళ్లు తీసుకుని ఎలమంచిలి బస్సెక్కాను. నా పక్కన కూచున్నావిడ ఎలమంచిలి మనిషే. నన్ను ఎక్కడో పెళ్లిలో చూసిందట. కాసేపు ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, “మీ సెల్లెలి కూతురు తిరిగొచ్చేసిందట కదమ్మా. మళ్లీ సంబందాలు సూత్తన్నారట” అంది.

నేను ఆవిడ వైపు పూర్తిగా తిరిగాను. మొదటి నుంచీ చెప్పాను. బ్యూరో, తెల్ల పేజీ, ఇండెక్సు, హాజరుపట్టీ, బోణీ, మేనత్తగారి పట్టుచీర, అయిదో నెల. దారి పొడుగునా చెప్పాను. ఆవిడ ప్రతిదానికీ అయ్యో అంటూ, అవునా అంటూ, చాలా శ్రద్ధగా విన్నది. వెనక సీటు వాళ్లు కూడా విన్నారు. ఊరొచ్చింది. ఆవిడ లేచి, సంచి భుజానికి తగిలించుకుని, దిగబోతూ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

“బెంగెట్టుకోకండమ్మా. మంచి సంబందం ఏదైనా తగిల్తే నాను సెప్తాను” అంది.